ఖారూ సంచిలో రాళ్ళు

కొండ దిగే రోజున మేమంతా దుంపలూ తోళ్ళూ మూట కట్టుకుంటుంటే ముసలి ఖారూ మాత్రం రాళ్ళ ముందు చతికిలబడుతుంది. ఒక్కో రాయినీ చెవి దగ్గర పెట్టుకుని గులకరాయితో తట్టి చూస్తుంది. ఖంగుమంటే ఒళ్ళో వేసుకుంటుంది, డొల్లగా పలికితే లోపల పగులుందని పారేస్తుంది. ఏరినవి మూడే, కానీ ఆ బరువుకు సంచి తాడు ఒరుసుకుని ఆమె భుజం కాయలు కాసింది.

"ఏటి ఒడ్డున రాళ్ళకి కరువా వదినా? కొండంతా మోసుకొస్తావా?" అని మరిది దబే ఏటా ఎక్కిరిస్తాడు. "మీ అన్ననే మోశాను, ఇదెంత!" అంటుందామె.

ఈ ఏడు ఇసుకనేల దాటి వెళ్ళేసరికి ఏటి గులకరాళ్ళన్నీ వరద ఒండ్రు కింద పూడిపోయి ఉన్నాయి. దబే పెద్ద జింకను కొట్టాడు. ఏటి రాళ్ళను నమ్ముకుని కొత్తవేవీ తెచ్చుకోలేదు; మా పాత రాతికత్తులన్నీ మొద్దుబారాయి, తోలు తెగదు. చుట్టూ దుమ్ములగొండ్ల కూతలు. ఖారూ తొందరపడలేదు. తొడ మీద తోలుముక్క పరుచుకుని, సంచిలోని రాయి అంచున ఒక్క దెబ్బ వేసింది. ఆకంత పలచటి పెచ్చు రాలింది, దాని వాదరకు తోలు ఇట్టే తెగింది. పొద్దు వాలకముందే మాంసమంతా చెట్టెక్కింది, మాకు ఊపిరొచ్చింది.

మర్నాడు బయల్దేరేటప్పుడు దబే ఆ సంచి తన భుజానికి తగిలించుకున్నాడు. ఖారూ అందులోంచి ఒక రాయి తీసి పొయ్యి బూడిద కింద పాతిపెట్టింది.

"ఎవరికోసం వదినా?"

"వచ్చే ఏడూ ఉత్త చేతుల్తోనే వస్తావుగా, నీకే!"