బూట్లు మాత్రమే కనిపించే మనిషి

స్కైద్రీతె వంటింటి గోడ నిండా కొడుకు వాల్ట్స్ ఫోటోలే. తీరా చూస్తే ప్రతి ఫోటోలోనూ స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నది అతని జోడీ ఎగిల్స్. వాల్ట్స్ వి బూట్లు మాత్రమే కనిపిస్తాయి. జంట ల్యూజ్‌లో అంటే ఒకే స్లెడ్ మీద ఒకరిమీద ఒకరు పడుకుని మంచు కాలువలో జారే పందెంలో, కింద పడుకునేవాడి గతి అంతే. దారి చూసి, స్లెడ్ తిప్పమని భుజంతో నొక్కి సైగ చేసేది పైవాడు, కిందివాడికి కనిపించేది పైవాడి వీపు.

"బూట్లు చూసి కొడుకుని గుర్తుపట్టే తల్లిని సిగుల్డా ఊరు మొత్తానికి నేనొక్కదాన్నేరా," అని ఆవిడ దెప్పేది.

వాల్ట్స్ కి ఈ ఆటలో ఇది పదిహేడో చలికాలం. ట్రాక్టర్ల షెడ్డులో పని, అది కాగానే ట్రాక్. పోటీకి ముందురోజు అందరూ ట్రాక్ వెంట నడుస్తూ మంచుని కళ్ళతో కొలుస్తుంటే, అతను కళ్ళు మూసుకుని భుజాలు కదుపుతూ నడిచేవాడు.

"నిద్రలో నడుస్తున్నావా? చెయ్యి పట్టుకోమంటావా?" అని కుర్ర జట్లు ఏడిపించేవి.

నిరుడు పదమూడో మలుపులో పైనుంచి సైగ రాకముందే వాల్ట్స్ భుజం నొక్కాడు. స్లెడ్ తిరగబడింది. ఎగిల్స్ కి రెండు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రి మంచం మీదే మాట తీసుకున్నాడు.

"ఒరే, నేను నొక్కాకే నువ్వు నొక్కాలి. ఒట్టెయ్."

వాల్ట్స్ ఒట్టేశాడు. ఆ పక్కటెముకల పాపం ఇంకా అతన్ని పీకుతూనే ఉంది.

ఇవాళ సొంత ఊళ్ళో యూరప్ పోటీ, ఇద్దరికీ ఆఖరిది. మూడుసార్లు రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. మొదటి పరుగు అయ్యేసరికి సెకనులో వెయ్యింట ఏడు వంతులు ముందున్నారు. ఇంకొక్క పరుగు.

హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలివైపు పచ్చి బంగాళాదుంప ముక్కతో రుద్దడం వాళ్ళ అలవాటు. మొదటి పరుగు అయ్యాక ఎగిల్స్ టీవీ వాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతూ, మరకగా ఉందని తన అద్దాన్ని చేతిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. వాల్ట్స్ చూశాడు. చూసి కూడా, రెండో పరుగు హడావిడిలో మళ్ళీ రుద్దమని చెప్పడం మరిచిపోయాడు.

పచ్చదీపం వెలిగింది. ఇద్దరూ ఒక్క ఊపున కిందికి దూసుకుపోయారు.

నాలుగు మలుపులు బాగానే గడిచాయి. ఐదో మలుపులో ఎగిల్స్ భుజం ఆలస్యంగా నొక్కింది. ఏడో మలుపులో ఇంకా ఆలస్యం, స్లెడ్ గోడని గీరింది. ఎనిమిదో మలుపు దగ్గర నొక్కనే లేదు. పైన ఎగిల్స్ ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయింది.

అప్పుడు వాల్ట్స్ కి గుర్తొచ్చింది, తుడిచేసిన అద్దం. దానికి ఆవిరి పట్టేసి ఉంటుంది. వీడికి దారి కనిపించడం లేదు!

గంటకి నూట ఇరవై కిలోమీటర్ల వేగం. అరిచినా వినపడదు. ముందుంది తొమ్మిదో మలుపు. ఒట్టు నిలబెట్టుకుంటే ఇద్దరూ గోడకే. తప్పితే, లెక్క ఒక్క రవ్వ తేడా వచ్చినా, మళ్ళీ ఆ పక్కటెముకలే.  వాల్ట్స్ కళ్ళు మూసుకుని, నిన్న నడిచిన నడకని తలుచుకుని, ఎడమ భుజం నొక్కాడు.

పైన ఎగిల్స్ ఉలిక్కిపడ్డాడు. ఎదురు తిరగబోయాడు కూడా. మరుక్షణం ఒళ్ళు వదిలేసి, కిందనుంచి వచ్చే సైగ కోసం కాచుకున్నాడు. పది. పదకొండు. పన్నెండు. పదమూడు దగ్గర వాల్ట్స్ ఊపిరి బిగబట్టి, నిరుటి కంటే ఆవగింజంత ఆలస్యంగా నొక్కాడు. స్లెడ్ తిరగబడలేదు.

గీత దాటి ఆగాక జనం కేకలు విన్నారు. వెయ్యింట మూడు వంతుల తేడాతో గెలిచారు.

ఎగిల్స్ హెల్మెట్ పీకేశాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఐదో మలుపు నుంచి నాకేం కనపళ్ళేదురా."

"నాకు పదిహేడేళ్ళ నుంచి కనపళ్ళేదు," అన్నాడు వాల్ట్స్.

ఎగిల్స్ పగలబడి నవ్వబోయి ఏడ్చేశాడు. ఫోటోల వాళ్ళు చుట్టుముట్టి స్లెడ్ మీద పడుకోమన్నారు. అతను తనే ముందు వెళ్ళి కింద పడుకున్నాడు.

"రా, పైకెక్కు. మీ అమ్మ చూడాలి."

స్కైద్రీతె ఆ ఫోటోని గోడ మధ్యలో పెట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తుంది.

"వీడే మా వాడు. ఆ బూట్లా? ఆ బూట్లు ఎగిల్స్ వి."