సముద్రం మీద రిలీఫ్ బండి

మా యుద్ధనౌక ఏడెన్ గల్ఫ్‌లోకి చేరిన రోజు గాలి లేదు. డెక్ ఇనుము వేడి బూట్ల అడుగుల్లోంచి తగిలేది. తలకు హెల్మెట్, ఒంటికి బులెట్‌ప్రూఫ్ జాకెట్, దాని మీద లైఫ్ జాకెట్. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం. ఆ విరామంలో సగం మళ్లీ ఏదో ఒక డ్యూటీయే. నా పని రేడియో. ఓడను నడిపే గదిలో కెప్టెన్ కుర్చీ వెనక నా చోటు. ఛానల్ పదహారు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఆపదలో పడ్డ ఓడ ముందు అందులోనే కేక వేస్తుంది.

యుద్ధం ఒడ్డున ఎవరెవరిదో. దానితో సంబంధం లేని సరుకు ఓడల మీద డ్రోన్లు పడుతున్నాయి. మేము కాపలా.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగు ఇంట్లో పుట్టినవాణ్ని నేను. సముద్రాన్ని ముందు పుస్తకాల్లోనే చూశాను. బడిలో చదివింది హిందీ. తెలుగు అక్షరాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, కిటికీ పక్క బీరువా దగ్గర నిలబడి, నాకు నేనే నేర్చుకున్నాను. ఆ బీరువాలో యుద్ధాల్లో మునిగిన ఓడల గురించి ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఏ ఓడ ఎన్ని టన్నులు, ఏ సరుకుతో మునిగింది, అన్నీ నాకు నోటికి వచ్చు. గుంపుగా వెళ్లే సరుకు ఓడల్లో ఒకటి దెబ్బతింటే, నీళ్లలో పడ్డవాళ్ల కోసం మిగతావి ఆగకూడదని ఒకప్పుడు ఆజ్ఞ ఉండేదట. అది చదివి ఎంత గట్టి మనుషులో అనుకున్నాను. ఓడలో భోజనాల దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పేవాణ్ని.

మా మెడికల్ అసిస్టెంట్ హర్యానావాడు. "ప్రొఫెసర్ సాబ్, బంద్ కరో. నువ్వు ఒక్కో ఓడ ముంచుతుంటే మాకు పప్పు దిగడం లేదు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని.

మూడో వారంలో ఒక సరుకు ఓడ పిలిచింది. ఇంజన్ గదిలో దెబ్బ తగిలింది, నీళ్లు వస్తున్నాయి, దిగిపోతున్నాం. అంతే. మేం చేరేసరికి తెల్లవారింది. ఓడ వెనక భాగం అప్పటికే నీళ్లలో ఉంది. చూస్తుండగానే ముక్కు పైకి లేచి, ఆగి, జారిపోయింది. పుస్తకంలో రాసినంత శబ్దమేమీ కాలేదు. నూనె మిగిలింది. ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ డ్రమ్ములు మిగిలాయి.

రబ్బరు బోటు దించాం. లైఫ్ రాఫ్ట్‌లో ఉన్నవాళ్లందరినీ ఎక్కించాం. ఒక్కడు తక్కువ. ఇంజన్ గదిలో నూనె పనులు చూసే ఆయిల్‌మ్యాన్. అతను లైఫ్ జాకెట్‌తో నీళ్లలోకి దూకడం ఆ ఓడ వంటవాడు చూశాడు.

వంటవాడి పేరు అప్పన్న. శ్రీకాకుళం ఒడ్డున చేపల పల్లె. ఆయిల్‌మ్యాన్ అతని బావమరిది. ఓడలో పని ఇప్పించి వెంట తీసుకొచ్చినవాడు అప్పన్నే.

ఎండ నెత్తికెక్కేదాకా వెతికాం. అప్పన్న డెక్ మీద, ఓడ వెనకవైపు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా నూనె, ఉప్పు నీళ్లు. మెడికల్ అసిస్టెంట్ పొడి బట్టలిస్తే ముట్టుకోలేదు. నూనె చర్మాన్ని కాలుస్తుందని హిందీలో చెబితే తల తిప్పుకున్నాడు.

అప్పుడు ఛానల్ పదహారులో ఇంకో ఓడ. మంటలు. మనుషులంతా లోపలే ఉన్నారు. దగ్గరలో మేం తప్ప యుద్ధనౌక లేదు. కెప్టెన్ కాసేపు నీళ్ల వైపే చూశారు. తర్వాత దిశ మార్చమన్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆయిల్‌మ్యాన్ పడ్డ చోటు చెప్పి, అటు వచ్చే ఓడలన్నిటికీ వెతకమని రేడియోలో పిలుపు పంపాను. జవాబు ఇంకా రాలేదు.

కెప్టెన్ నాతో, "నువ్వు తెలుగువాడివి కదా. వెళ్లి అతని బట్టలు మార్పించు. మనం వెళ్లిపోతున్న సంగతి నేనే వచ్చి చెబుతాను" అన్నారు.

వెళ్లాను. "ఏటి మావా, ఇలా కూకున్నావు? గుడ్డలు మార్సుకో" అన్నాను. బిలాస్‌పూర్ వీధుల్లో ఈ భాష మాట్లాడితే మిగతా తెలుగువాళ్లు వెక్కిరించేవారు. ఇక్కడ అప్పన్న ఆ భాష విని నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ ఊరు బావూ?"

"మా తాతలది బొబ్బిలి. నాను పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో."

"ఆడు తడిగుడ్డల్లో ఉన్నాడు బావూ. నానెలాగ పొడిగుడ్డ కడతాను? ఆడు దొరకనీ. ఇద్దరం ఒక్కపాలే మార్సుకుంతాం."

నాకిచ్చిన పని బట్టల వరకే. ఆ పైన చెప్పింది నా సొంతం.

మా నాన్న రిలీఫ్ బండిలో పనిచేశాడు. ఎక్కడైనా రైలు పట్టాలు తప్పితే మా కాలనీలో సైరన్ మోగేది. నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని పరిగెత్తేవాడు. క్రేన్, డాక్టర్, తాళ్లు, దీపాలు, అన్నీ ఆ బండిలో ఉండేవి. శబ్దాన్ని బట్టి అది పక్క స్టేషన్ గతౌరా దాటిందో లేదో పిల్లలం పందెం వేసుకునేవాళ్లం. పిలుపు వెళ్లిందంటే బండి కదిలినట్టే. అది రాని రోజు మా కాలనీ ఎరగదు. నా తలలోనూ లోకం అలాగే ఉంది. పిలుపు పంపాను కాబట్టి ఎవరో బయలుదేరే ఉంటారు.

అదంతా అతనికి చెప్పాను. నాన్న సంగతి, సైరన్ సంగతి. "మేం ఎల్లినా పరవాలేదు మావా. ఎనకాల రిలీఫ్ వస్తాది" అన్నాను. "వస్తాదేమో" అనలేదు.

"నిజంగా వస్తాదా?"

"మా నాన్న పాతికేళ్లు ఆ బండిలోనే ఎల్లినాడు. రాకుండా ఎలాగుంటాది?"

అప్పన్న లేచాడు. బట్టలు విప్పాడు. పొడి ఓవరాల్ తొడుక్కున్నాడు. నేను అతని తడి చొక్కా, ప్యాంటు బకెట్లో నీళ్లు పోసి నానబెట్టాను.

ఇంజన్ శబ్దం పెరిగింది. ఓడ తిరిగేకొద్దీ డెక్ మీద స్తంభం నీడ మెల్లగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరిగింది. అప్పన్న ఆ నీడను చూశాడు. తర్వాత సముద్రం నాలుగు వైపులా చూశాడు. ఎక్కడా పొగ లేదు, చుక్క లేదు.

"బావూ, ఎనకాల వస్తాదన్నావు."

నేను బకెట్లో చొక్కాని మళ్లీ ముంచాను.

"మీది పట్టాల మీద బతుకు. పట్టాకి ఎనక ముందు ఉంటాయి. నీటికి ఎనక ఏటుంటాది?"

అందులో కోపం లేదు. కోపమైతే తట్టుకునేవాణ్నేమో.

కెప్టెన్ దిగివచ్చి చెప్పేసరికి అతనికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రానికి రెండు ఓడల నుంచి జవాబు వచ్చింది. ప్రమాదం ఉన్న చోటికి రాలేమన్నాయి. మిగతావి జవాబే ఇవ్వలేదు. ఆ ఆయిల్‌మ్యాన్ సంగతి ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు.

రెండో ఓడ మంటలు ఆర్పాం. అందరూ బతికారు.

సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చినప్పుడు కాలనీవాళ్లు బిలాస్‌పూర్ స్టేషన్‌లో డోలు పెట్టారు. మెడలో బంతిపూల దండ. మంటల్లోంచి కాపాడిన కథ అందరికీ తెలుసు. ఎవరో నన్ను మైకు ముందుకు తోశారు. మునిగిన ఓడల గురించి నాకు తెలిసినన్ని అంకెలు అక్కడ ఎవరికీ తెలియవు. ఒక్కటీ నోటికి రాలేదు.

ఇంటికెళ్లాక నాన్న అడిగాడు. "ఏట్రా, అందర్నీ తీసినారా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"అచ్ఛా. ఓడ ఎల్లిపోడం సరేరా. ఇంకో పక్క మనుసులు కాలిపోతన్నారు. ఎల్లాల. మరి ఆ మడిసిని ఒప్పించడానికి నా బండి పేరు సెప్పినావా?"

"సెప్పినాను."

నాన్న బయటికి వెళ్లి గుమ్మం ముందు కూర్చున్నాడు.

లైబ్రరీకి ఇప్పటికీ వెళ్తాను. ఆ లావుపాటి పుస్తకం ఇంకా ఆ బీరువాలోనే ఉంది. దాని మీద చెయ్యి వేయను. కానీ కాలనీలో సైరన్ మోగడం నా చేతిలో లేదు. మోగితే జనం బయటికొచ్చి యార్డు వైపు చూస్తారు. నాకు మాత్రం ఆ సాయంత్రం, జవాబులు వచ్చాక చూసిన ఓడ వెనకభాగం కనిపిస్తుంది. పొడి ఓవరాల్ మడతపెట్టి కడ్డీ పక్కన పెట్టి ఉంటుంది. అప్పన్న బకెట్లోంచి తన చొక్కా తీసి, పిండకుండా, నీళ్లు కారుతుండగానే తొడుక్కుంటూ ఉంటాడు.