పర్వతాలు సర్క్యూటు, పుష్పమ్మ వేలు

సికింద్రాబాద్ పక్కన కాప్రాల, పర్వతాలు ఎవరంటే ఎవరూ చెప్పరు. ట్యాంకు గంట పర్వతాలు ఎవరనండి, ఇంటి దాకా తోడొచ్చి చూపిస్తరు. మేడ మీద ట్యాంకు నిండంగనే కింద వంటింట్ల కుయ్ కుయ్ మన్నదంటే, అది ఆయన చేసిన డబ్బనే. రేడియోలు పోయినయ్, డబ్బా టీవీలు పోయినయ్, ఆయనతోని పని నేర్చినోళ్లంతా సెల్‌ఫోన్ల దిక్కు పోయిండ్రు. ఈయన నీళ్ల దిక్కు పోయిండు. రెండు తీగలకు నీళ్లు తగిలితే వాటి నడుమ జెరంత కరెంటు పారుతది. ఆ జెరంత చాలు, గంట కొట్టనీకి. ఇంత చిన్న సంగతి మీద ఇరవై ఏండ్లు బతికిండు మనిషి. అట్లిట్ల కాదు, దర్జాగ బతికిండు.

ఊరందరినీ నమ్మించిన ఆ మనిషి పప్పులు ఒక్క ఇంట్ల మాత్రం ఉడకలే. ఆ ఇల్లు ఆయనదే.

భార్య పుష్పమ్మ మేడ మీద నారు పెంచుతది. టమాట, వంకాయ, మిరప, బంతి, అన్నీ కలిపి నాలుగొందల సంచులు. రోజూ పొద్దున మట్టిల చూపుడు వేలు గుచ్చి చూస్తది. వేలికి మట్టి అంటితే నీళ్లు వద్దు, పొడిపొడిగ రాలితే పొయ్యాలె. అంతే ఆమె శాస్త్రం. ఆ నారు పెట్టిన కాడ్నుంచి ఆరేండ్లయ్యింది, ఒక్క రాత్రి బయట పండలే. సముద్రం చూడాలని పెండ్లి నాటి నుంచి ఉన్నది ఆమెకు. విశాఖపట్నం పోదామని అనుకున్నప్పుడల్లా, నారును ఎవరు చూస్తరన్న మాట కాడనే ఆ ముచ్చట ఆగిపోయేది.

"నా సర్క్యూటు చూస్తది, నువ్వు పోయిరా," అన్నడు పర్వతాలు ఒకనాడు.

"నీ డబ్బకు నీళ్లు తెలుసు. మట్టి తెల్వది," అన్నది పుష్పమ్మ.

ఆయనకు ఆ మాట ఎక్కడ తగలాలెనో అక్కడ తగిలింది. వానకాలమంతా ఇంకో పని ముట్టకుండ కూసున్నడు. స్టీలు కడ్డీలు రెండు మట్టిల గుచ్చిండు. మట్టి తడిగుంటే వాటి నడుమ కరెంటు పారుతది, ఎండితే పారదు. పారకుంటే డబ్బల రిలే, అంటే దానంతటదే పడే స్విచ్చి, టక్కుమంటది, బోరు మోటారు షురూ అయితది, సన్న పైపుల నుంచి సంచులకు చుక్క చుక్క నీళ్లు పడ్తయ్. మట్టి తడవంగనే మళ్ల టక్కు, మోటారు బందు. పుష్పమ్మ పది రోజులు వెంబడిపడి వేలు గుచ్చి చూసింది. వేలు చెప్పిందీ డబ్బ చెప్పిందీ ఒక్కటే. "దసరా కానీ, టికెట్లు తీస్త," అన్నది. పర్వతాలు ఆ రోజంతా ఎవరు కనపడ్డా ఆపి మరీ చాయ్ తాపిండు.

దసరా రానే వచ్చింది. పనిముట్లకు బొట్టు పెట్టనిది పర్వతాలుకు ముద్ద దిగది. లోకమంతా పసుపుకుంకుమలు నీళ్లల్ల కలిపితే, ఈయన నువ్వుల నూనెల కలుపుతడు. నీళ్ల బొట్టు సాయంత్రానికి రాలుతది, నూనె బొట్టు మళ్ల దసరా దాకా ఉంటదని పని నేర్పిన గురువు చెప్పిండట. మీటరుకు పెట్టిండు, స్కూటరుకు పెట్టిండు. భక్తి ఆగక మట్టిలున్న కడ్డీలను సుత పీకి, తుడిచి, కొస నుంచి కొస దాకా నిండుగ పూసి, దండం పెట్టి మళ్ల గుచ్చిండు. ఇద్దరు కొత్త బట్టలు కట్టుకొని బన్సీలాల్‌పేట్‌ల ఆయన చెల్లెలింటికి భోజనానికి పోయిండ్రు.

పొద్దూకే యాళ్లకు వచ్చి చూస్తే మెట్ల మీద నీళ్లు వాగు పారినట్టు పారుతున్నయ్. కింద కిరాయికుండే ప్రభుదాస్ సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చీపురు పట్టుకొని నిలబడ్డడు.

"మోటారు స్విచ్చి పైన మీ తాళంలో ఉంది. ఫోనేమో ఎత్తరు. మా ఇంట్లో చెప్పులు తేలుతున్నాయండీ," అన్నడు.

మేడ మీద పైపులు ఇంకా కారుతనే ఉన్నయ్. టమాట నారు సగం బురదల పండుకున్నది. పుష్పమ్మ స్విచ్చి బందు చేసింది. తిట్టలే, అరవలే. "టికెట్ల మాట ఇగ తియ్యకు," అన్నది. తిట్టినా బాగుండు అనిపించింది పర్వతాలుకు.

తెల్లారి డబ్బ విప్పిండు. ట్రాన్సిస్టరు మార్చిండు, రిలే మార్చిండు. రెండు తీగలు ఒకదానికొకటి తాకిస్తే మోటారు ముద్దుగ బందైతున్నది. మట్టిలున్న కడ్డీలకు కలపంగనే నడుస్తున్నది. పరేషాన్ అయ్యిండు. బోరు నీళ్లను తిట్టిండు, సామాన్లు అమ్మినోన్ని తిట్టిండు. నీళ్లు కారనీకి సంచులు వంచుతున్న పుష్పమ్మ ఆ లొల్లి ఇనలేక వచ్చి, ఒక కడ్డీ పీకి వేళ్ల నడుమ రుద్దింది.

"ఏందీ, గిట్ల జారుతున్నది?"

"బొట్టు."

"దేంట్ల కలిపినవ్?"

"నూనెల," అన్నడు పర్వతాలు మెల్లగ.

"పనసకాయ కోసేటప్పుడు చేతికి నూనె ఎందుకు రాసుకుంటం? బంక అంటొద్దని. నూనె పూసి పెడితే దీనికి తడి ఎట్ల అంటుతది? నీళ్లల్ల మునిగి సుత ఎండిపోయిన్నని మొత్తుకున్నది పాపం." ఆమెకు నవ్వు ఆగలే. కొంగు నోట్ల కుక్కుకొని మెట్ల మీద కూలబడ్డది. ఆయన జెరసేపు మూతి ముడుచుకున్నడు. ఇగ ఆయనా ఆగలేకపోయిండు.

కడ్డీలను సబ్బుతోని ఆమెనే కడిగి గుచ్చింది. టక్కుమని మోటారు బందైంది. ఆ సాయంత్రమే పర్వతాలు డబ్బకు ఇంకో కట్టుబాటు పెట్టిండు. మట్టి ఎంత ఎండిందని కడ్డీలు చెప్పినా సరే, పది నిమిషాల మీద మోటారు నడవది, గంట కొట్టి ఆగుతది. పాడైన నారు జాగల పుష్పమ్మ కొత్త గింజలు పోసింది.

మొలకలు రెండాకులు వేసిన నాడు ఆమె ఫోన్‌ల టికెట్లు చూపించింది. రెండున్నయ్.

"రెండెందుకు?"

"నువ్వు రావా?"

"నేను సుత వస్తే డబ్బను ఎవరు చూస్తరు?"

పుష్పమ్మ ఆయన ముఖంలకు చూసింది. "నారును అది చూస్తదని నేను నమ్మిన. దానికి నువ్వు కావలుండాలెనంటే, ఇగ అదెందుకు? నేను నమ్మితిని గానీ, నువ్వే ఇంకా నమ్మలే."

ఇరవై ఏండ్లు ఊరందరికీ భరోసా ఇచ్చినోడు డబ్బ దిక్కు ఒక్కసారి చూసి లేచిండు. పోయి సంచి సర్దుకున్నడు. సికింద్రాబాద్ స్టేషన్ల బండెక్కేదాక మేడ తాళం జేబుల తడుముకుంటనే ఉన్నడు. ప్రభుదాస్ సారుకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, భార్య దిక్కు చూసి లోపల పెట్టిండు. తెల్లారి విశాఖల ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని నీళ్లల్ల దిగి, చిన్నపిల్ల లెక్క నవ్వుకుంట, రా రా అని పిలిచింది. అరవై రెండేండ్ల మనిషి చెప్పులు ఒడ్డున ఇడిచి ఉరికిండు. డబ్బ సంగతి మూడో రోజు దాకా గుర్తుకే రాలే.