వంతెన మీద రెండో కేక

ఇంట్లో పిల్లలు దయ్యాల సినిమా పెడితే లేచి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగాను. బోల్టు బిగిస్తే బిగుస్తుంది, లేకపోతే లేదు అన్నంత వరకే నా నమ్మకాలు. ఇప్పటికీ అంతే. అయినా పాత వంతెన పని దగ్గర జరిగిన ఒక సంగతి నాకు అర్థం కాలేదు. అది చెప్పాలంటే, నేను చేసిన తప్పు కూడా చెప్పక తప్పదు.

విశాఖలో ఓడరేవు వెనక నుంచి ఉప్పుటేరు మీదుగా పోయే ఒక పాత రైలు మార్గం ఉంది. సరుకు బళ్లు మానేశాక, సెలవు రోజుల్లో టూరిస్టుల కోసం పాత ఆవిరి ఇంజను నడుపుతున్నారు. ఏటి మీది వంతెనకు రెండు ఇనుప గర్డర్లు. ఉప్పు గాలికి రెండూ తుప్పు పట్టిపోయాయి. రాతి స్తంభాలు అలాగే ఉంచి, పాతవాటిలాగే కనిపించే కొత్త గర్డర్లు పెట్టాలి. ఆ కాంట్రాక్టరు దగ్గర నేను సైటు ఇంజనీరుని.

ఆ బురదలోకి క్రేను దిగదు. అందుకని ఖలాసీలను పిలిచాం. పెద్ద బరువుల్ని మోకులతో, రోలర్ల మీద జరిపేవాళ్లు. అందరూ జాలరిపేట వాళ్లు. సగం రోజులు వేటకు పోతారు, సగం రోజులు ఇలాంటి పనికి వస్తారు.

వాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. పదం ఎత్తేవాడు ఒక్కడే ఉంటాడు. గర్డరు పక్కన నిలబడి, రోలర్లను కళ్లతో చూసుకుంటూ ఆయన ‘ఓ... లాగరా’ అని సాగదీస్తే, గట్టు మీద మోకు పట్టుకున్న వాళ్లంతా ‘హైలెస్సా’ అని ఒక్క ఊపు లాగుతారు. లాగేవాళ్ల వీపులు వంతెన వైపు ఉంటాయి. వాళ్లకి ఏమీ కనపడదు. ఆ గొంతే వాళ్లకి కళ్లు. ఇంజనీరైనా, ఇంకెవరైనా, ఏం కావాలన్నా ఆయన చెవిలో చెప్పాలే తప్ప సొంతంగా పదం ఎత్తకూడదు.

ఆ పదం ఎత్తేవాడు అప్పలస్వామి. నాకంటే చాలా పెద్దవాడు. గొంతులో ఒక జీర. టీ వేళ నేను ఆయన గొంతును అనుకరించి నవ్వించేవాడిని. ఖలాసీలు పడి పడి నవ్వేవారు. ఆయన బావమరిది నూకరాజు అయితే, “బావా, నీ నౌకిరీ ఎల్లిపోనాది. బాబుకి పదం వచ్చీసింది” అని ఏడిపించేవాడు.

అప్పలస్వామి కూడా నవ్వేవాడు. “పాట బాగానే ఉంది బాబూ. కానీ పదం ఎత్తినోడి కళ్లు బరువు మీదుండాల. మీ కళ్లు గారెల మీదున్నాయి.”

మొదటి గర్డరు జరిపే రోజు పై అధికారులు వచ్చారు. ఎండ మండిపోతోంది. వాళ్లు గొడుగుల కింద నిలబడి వాచీలు చూసుకుంటున్నారు. గర్డరు సగం దూరం వచ్చి ఆగింది. ఒక రోలరు ఒరిగిందని అప్పలస్వామి కిందికి వంగి చూస్తున్నాడు. నేను ఆయన వెనకాలే ఉన్నాను. గొడుగుల కిందివాళ్లు నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. రోలరు బాగానే ఉంది, ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఆయన గొంతుతో, ఆయన రాగంతో, ‘ఓ... లాగరా’ అన్నాను.

గట్టు మీద వాళ్లు లాగారు.

రోలరు ఎగిరిపోయింది. గర్డరు అప్పలస్వామి కాలి మీదికి జారింది. ఆయన అరుపు నాకు గుర్తు లేదు. గొడుగులు అటూ ఇటూ పరిగెత్తడం గుర్తుంది. ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు.

విచారణలో నన్ను అడిగారు, లాగమన్నది ఎవరని. “పదం ఎత్తేవాడే ఎత్తాలి సార్. వేరేవాళ్లు ఎత్తకూడదు” అన్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అందుకే చెప్పగలిగాను. నేను ఆయన వెనక ఉన్నాను, గొడుగుల కిందివాళ్లకి నా వీపే కనపడింది కాబట్టి నా పెదాలు ఎవరూ చూడలేదు.

పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. అప్పలస్వామి నా చెయ్యి పట్టుకున్నాడు. “నానే ఎత్తీసినాను కాబోలు బాబూ. నాకు గ్యాపకం లేదు. అలవాటు మీద నోటంట వచ్చీసుంటాది” అన్నాడు. కాలు పోయినందుకు కాదు, ఆ మాట అంటున్నప్పుడే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అలాంటివి జరుగుతుంటాయి, మనసులో పెట్టుకోకు” అన్నాను నేను. దాన్ని ఓదార్పు అనుకుని ఆయన తల ఊపాడు.

ఆ గ్యాంగులో ఇంకో మాట ఉంది. ఎవరి పదం మీద మనిషి దెబ్బతింటే, ఆ ఇంటివాళ్లు మళ్లీ పదం ఎత్తరు. అప్పలస్వామి తర్వాత పదం నూకరాజుకి రావాలి. చిన్నప్పటి నుంచీ బావ పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడి ముందే తలకాయలు అడ్డంగా ఊపారు. బయట నుంచి ఒకతన్ని తెచ్చారు. అతను పదం ఎత్తడు, ఈల ఊదుతాడు. నూకరాజు మోకు చివరికి పోయాడు. ఒకరోజు టీ దగ్గర ఎవరో, “ఆల్లింటి గొంతే మంచిది కాదురా” అన్నారు. నూకరాజు గ్లాసు కింద పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. నేను నా గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

వానలు వెనకబట్టాక రెండో గర్డరు మొదలుపెట్టాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక. గాలి లేదు. దూరంగా ఓడరేవు క్రేన్లు కదులుతున్నాయి. ఈల ఊదుతున్నాడు, లాగుతున్నారు, గర్డరు తిన్నగానే వస్తోంది. నేను కాస్త పక్కకు వచ్చి సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాను.

“ఆగండ్రోయ్!”

అప్పలస్వామి గొంతు. ఆ జీర, ఆ సాగదీత. నా వెనక నుంచి, చాలా దగ్గరగా. తిరిగి చూశాను. నా వెనక ఏరు తప్ప ఏమీ లేదు.

మోకు ఆగింది. అందరూ ఆగిపోయారు. అప్పుడు కనపడ్డాడు నూకరాజు. జారిపోయిన చెక్క దిమ్మను తీయడానికి మోకు వదిలి స్తంభం అంచు మీదికి దిగాడు. వాడి ఛాతీ ఒక పక్క రాతికి, ఇంకో పక్క గర్డరు కొసకి మధ్య ఇరుక్కుని ఉంది. ఇంకొక్క ఊపు లాగి ఉంటే మిగిలేవాడు కాదు. ఈల ఊదే అతనికి ఆ మూల కనపడదు.

వాడిని పైకి లాగాక అందరూ నా చుట్టూ చేరారు. ఈల ఊదే అతను దండం పెట్టాడు. “మీరు అరవకపోతే ఏటైపోనో బాబూ.”

నేను అరవలేదన్నాను.

“మీ గొంతు మాకు తెల్దేటి!” అన్నారు. ఒక్కరు కాదు. మోకు మొదట్లో ఉన్నవాళ్లూ, చివర ఉన్నవాళ్లూ. అందరికీ నా గొంతే వినపడింది. ఆ కేక వచ్చినప్పుడు నా నోటినిండా నీళ్లున్నాయి. కేక విన్నాకే మింగాను. ఈ ఒక్క విషయం మీద ఎక్కడైనా ఒట్టు పెట్టగలను.

వెంటనే అప్పలస్వామి ఇంటికి ఫోన్ చేశాను. ఏదో జరిగి ఉంటుందని భయం. ఆయన భార్య ఎత్తింది. ఆయన వాకిట్లో కూర్చుని వల బాగు చేస్తున్నాడట. ఒంట్లో బాగానే ఉందట. నిద్రపోలేదు, కలగనలేదు, కేక వేయలేదు. అక్కడ ఏమీ జరగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చింది, బుట్టలో వంజరం చేప పెట్టుకుని. “మా తమ్ముడి పేనం నిలబెట్టినావు బాబూ” అని మా ఆవిడ ముందు నా కాళ్లకు వంగబోయింది. నేను వెనక్కి గెంతాను.

ఆయన వేయని కేకకి ఆయన్ని తిట్టారు. నేను వేయని కేకకి నాకు దండం పెడుతున్నారు. ఆ చేపను వండనివ్వలేకపోయాను. బుట్టతో సహా ఆవిడ వెంటే జాలరిపేట వెళ్లాను.

వాకిట్లో అప్పలస్వామి ముందు నిలబడి చెప్పాను. మొదటి రోజు పదం ఎత్తింది నేనేనని. మొత్తం చెప్పాను.

వలలో ఆయన వేళ్లు ఆగిపోయాయి. అంతవరకు నన్ను ‘మీరు’ అనేవాడు.

“పళ్లట్టుకుని వచ్చినావు గదా. అప్పుడు నోరు లేదేటి నీకు?” అన్నాడు.

నేను బుట్టను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

“రోజూ నా నోటిని నానే తిట్టుకున్నాను. కాలు పోతే పోనాది. ఆ నూకరాజు పిల్లోడు తలొంచుకుని తిరగతన్నాడు.” వల పక్కన పెట్టాడు. “నాకు సెప్తే ఏటి లాభం? ఎల్లు. మోకు కాడ సెప్పు.”

ఆవిడ నా చేతిలోంచి బుట్ట తీసేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గర్డరు ఆగిన చోటే ఉంది. ఖలాసీలు మోకు పక్కన కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. నూకరాజు నేల వైపే చూస్తున్నాడు. కాసేపటికి ఈల ఊదే అతను మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు వాళ్లలో పెద్దవాడు అడిగాడు. “సరే. మొదటిది నీదేనని ఒప్పుకున్నావు. రెండోది నీది కాదంటన్నావు. మరెవుడిది?”

“తెలీదు” అన్నాను.

“మంచిదేమో నాది కాదంటన్నావు, సెడ్డదేమో నాదంటన్నావు. నిన్ను ఏటనుకోవాలో తెల్దు బాబూ” అని లేచి మోకు అందుకున్నాడు.

అదే మాట ఆఫీసులోనూ రాసిచ్చాను. ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాను. ఆ కేక గురించి ఎన్నో విధాల ఆలోచించాను. నా అపరాధమే నా చెవిలో అరిచిందనుకుంటే, గట్టు మీద వాళ్లకి ఎందుకు వినపడాలి? వాళ్లలో ఎవరో అరిచారనుకుంటే, అది నా గొంతులా ఎందుకుండాలి? ఏ లెక్కా కుదరదు. కుదురుతుందనే ఆశ కూడా వదిలేశాను.

మోకు దగ్గర నేను ఒప్పుకున్న ఆ రోజు మాత్రం, నూకరాజు వచ్చి గర్డరు పక్కన, బావ నిలబడే చోట నిలబడ్డాడు. ఒకసారి వంగి రోలర్లన్నీ చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, దూరంగా పొమ్మని చేత్తో సైగ చేశాడు. వెళ్లి గట్టు దిగువన నిలబడ్డాను.

వాడు పదం ఎత్తాడు. మొదట్లో గొంతు వణికింది. గట్టు మీద వాళ్లంతా బదులు పలికారు.


నేను నోరు మూసుకుని విన్నాను.