ఏనుగుబండ మలుపు

కొండల మధ్య నది కోసుకుపోయిన లోయలో ప్రతి ఆదివారం రాళ్ల మాస్టారు జనాన్ని నడిపిస్తారు. ఒకప్పుడు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయినాయన. జనం వైపు తిరిగి, వెనక్కి నడుస్తూనే మాట్లాడతారు. అయినా కాలు తడబడదు. నచ్చిన రాయి దొరికితే తడివేలితో రుద్ది, రంగు తేలాక, పసిబిడ్డను అందించినంత పదిలంగా పక్కవాళ్ల చేతిలో పెడతారు. ఎవరూ వెనకబడకుండా అందరికంటే చివర ఆయన భార్య నడుస్తారు.

ఈసారి వరద తీసిన వారానికి వచ్చారు. మలుపు దగ్గర అలవాటుగా చెయ్యి చాచి, "ఇదిగో ఏనుగుబండ! మన తాతముత్తాతలు పుట్టకముందు నుంచీ ఇక్కడే..." అంటూ తల తిప్పేసరికి అక్కడ ఒట్టి నీళ్లు పారుతున్నాయి. చాచిన చెయ్యి దించడం మరిచిపోయారు. మలుపు ఇదేనా, ఇంకా ముందుందా? పోయిన నెల సొంత తమ్ముడి పేరు నోటికి రాక తడుముకున్న సంగతి గుర్తొచ్చింది. గబగబా వెనక్కి వెళ్లి భార్య చెవిలో అడిగారు.

"ఇక్కడో బండ ఉండేది కదూ?"

"ఉండేదండీ. నేనూ దానికోసమే చూస్తున్నా. వరదకి కొట్టుకుపోయిందేమో."

"అంత బండే?"

"ఏమో మరి! ఇద్దరికీ ఒకేసారి మతి పోదుగా."

మాస్టారికి ఊపిరి ఆడింది గాని నమ్మకం కుదరలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని జనం ముందుకొచ్చి, "ఇక్కడ ఏం జరిగిందో నాకూ తెలియడం లేదు. అందరం వెతుకుదాం," అన్నారు.

"ఎలా ఉంటుంది మాస్టారూ అది?" అడిగారెవరో.

ఆయన నోరు తెరిచి, భార్య వైపు చూశారు.

"ముందు మీరు చెప్పండి," అన్నారావిడ చూపు తప్పించి, మెల్లగా.