అంబలి అండాలో జియోపాలిమర్

మీ ఇంట్లో ఎంటెక్ చదివే కొడుకుంటే, ముందు లేచి అల్యూమినియం గిన్నెలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఇది తర్వాత చదవొచ్చు. తిరుపతిలో గంగజాతర ముందురోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం అలాంటిది.

అప్పట్లో నా బుర్రనిండా జియోపాలిమరే. థర్మల్ కేంద్రం బూడిదలో కాస్టిక్ సోడా ద్రావణం, ఇంకొంత సరంజామా కలిపితే సిమెంటు లేకుండానే రాయి తయారవుతుంది. దాంతో కాలిబాట పలకలు పోస్తున్నారు, నిప్పుకు తట్టుకునే గోడలు కడుతున్నారు. మా గడపకు ఒక మెట్టు పోసి వీధంతా నోరెళ్లబెట్టేలా చేయాలనుకున్నాను. కలపడానికి ప్లాస్టిక్ తొట్టి దొరకలేదు. మరునాడు వీధి జనానికి అంబలి కాచడానికి అమ్మ తోమి బోర్లించిన అల్యూమినియం అండా మాత్రం దొరికింది.

"యాడికిరా ఆ అండా?" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"గంటలో కడిగిచ్చేస్తాలేమా!"

కడగడమట! చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకున్న ఈ మేధావికి, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుందన్న సంగతి ఒక్కటే గుర్తు రాలేదు. బుసబుసమని నురగ. బూడిద ముద్ద ఇడ్లీ పిండిలా పొంగి, అంచు దాటి, మే నెల ఎండకు అట్లాగే గట్టిపడిపోయింది.

"ఏం సేసినావురా?"

"ఇది నురగ జియోపాలిమర్ మా. వేడిని ఆపుతుంది. దీనిమీద పెద్ద పెద్ద పరిశోధనలు..."

"నా అండా యాడుండాదిరా?"

"దాని కిందుండాది."

అమ్మ కూలబడింది. నాయన పోయినప్పటినుంచి ఏ ఏడూ తప్పకుండా పోస్తున్న అంబలి అది. "రేపు తల్లికి ఏం పోసేదిరా?" అని ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నా చదువంతా నీరుగారిపోయింది.

ఎదురింటి మేరమ్మత్త గొడవ విని వచ్చింది. "ఏడవద్దక్కా. మా క్రిస్మస్ అండా ఉండాది గదా, తీసకపో. పిల్లోడు ఏందో కొత్తది సేయబోయినాడు, పోనీలే."

అంబలి ఆ అండాలోనే కాగింది. ఎవరడిగినా అమ్మ "మాది ఓటిపోయినాది" అందే తప్ప నా పేరెత్తలేదు. ఆ ఇద్దరి రుణం నేను ఏం చేసినా తీరదు.

సుత్తితో పగలగొట్టిన ఆ రాయి ముక్కలు పెరట్లో వానాకాలమంతా నానాయి. ఒకరోజు మేరమ్మత్త ఒక ముక్క తీసి కాలి మడమలు రుద్ది చూసింది. ఇంకేముంది, మా వీధిలో ప్రతి స్నానాలగదికీ నా పరిశోధన చేరింది!

మొన్న అమ్మ పాత అల్యూమినియం గిన్నె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "రాయి అరిగిపోయినాది. ఇంగోటి సేసియ్యప్పా."

కాబట్టి గంగమ్మతల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అమ్మ తన చేత్తో ఇస్తే తప్ప ఈ జన్మలో వంటింటి గిన్నె ముట్టను. ఇచ్చినా, అది మేరమ్మత్తది కాదు గదా అని అడిగే ముట్టుకుంటాను.