మామ ముందర అడిగే మాటేనా!

మర్యాద కాపాడుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న వైనం ఇది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఆ డాక్టరు మీద కోపం ఇంకా తగ్గలేదు.

మార్కాపురంలో మా మేనమామకు పలకల ఫ్యాక్టరీ ఉంది. ఆయన కూతుర్నే చేసుకున్నాను కాబట్టి మామకు మామ, యజమానికి యజమాని. బీకాం చదివి ఆయన దగ్గరే లెక్కలు చూసేవాణ్ని. ఫ్యాక్టరీ వెనక పలకముక్కల గుట్ట చాటున కొంచెం సిగరెట్లు కాల్చేవాణ్ని. కొంచెం అంటే, ఆ గుట్ట పక్కన ఇంకో గుట్ట లేచేంత.

ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. ఓ పొద్దున తువ్వాలు మీద నెత్తుటి చార కనపడింది. మామ నన్ను కారులో వేసుకుని ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తీసుకెళ్లినవాడు బయట కూర్చోవచ్చు గదా? వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

ఎక్స్‌రే శుభ్రంగానే ఉందన్న డాక్టరు, ఉన్నట్టుండి అడిగాడు: "సిగరెట్లు కాలుస్తారా?"

మీరే చెప్పండి, మామ ముందర అడిగే మాటేనా అది?

"ఛఛ! ఆ వాసనే పడదు సార్."

మామ సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"కాల్చేవారైతే వెంటనే గొట్టం వేసి చూసేవాణ్ని. గాలిగొట్టాల గోడ మీద అప్పుడే మొదలైన క్యాన్సరు ఎక్స్‌రేకు దొరకదు. సరే, ముందు మందులు వాడండి. మళ్లీ నెత్తురు పడితే ఆలస్యం చెయ్యకండి."

దగ్గుమందు సీసా పట్టుకుని, కప్పు గెలిచినవాడిలా బయటికొచ్చాను.

నెల తిరక్కుండా మళ్లీ చార. ఈసారి డాక్టరు గదిలో అడుగు పెడుతూనే మామ అందుకున్నాడు.

"సారూ, వీడు అబద్ధం చెప్పినాడు. రైలింజను మాదిరి తాగుతాడు!"

"మామా!"

"నోర్మూసుకో అల్లుడా. నీకేమన్నా అయితే నా బిడ్డ గతేంది?"



మర్నాడు ఖాళీ కడుపుతో పడుకోబెట్టి గొంతు మొద్దుబారే మందు చల్లారు. నాలుక నాది కాకుండా పోయింది. చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం ముక్కులోంచి దిగి, లోపల నీలం వెలుగు వేసింది. అబద్ధం చెప్పే అవకాశం మనిషికి బొత్తిగా ఇవ్వని పరీక్ష అది.

తర్వాత ఫోటో చూపించారు. ఆ వెలుగులో బాగున్న గోడంతా ఆకుపచ్చగా ఉంది, ఒక్కచోట మాత్రం గోరంత ఎర్రమచ్చ. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామన్నారు.

"క్యాన్సరే," అన్నాడు డాక్టరు, వారం తర్వాత. "కానీ ఇంకా పైపొరలోనే ఉంది. తొందరగా దొరికింది కాబట్టి నయం చెయ్యొచ్చు."

మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరు మామను మెచ్చుకున్నాడు. "మీరు చెప్పబట్టి సరిపోయింది. ఇంతకీ మీకెట్లా తెలిసింది?"

"తెలవకేంది సారూ? పొద్దున గుట్ట చాటుకు వీడు పోతాడు. సాయంత్రం నేను పోయేసరికి కూర్చునేదానికి చోటుండదు, అన్నీ వీడి పీకలే..."

మామ ఆగిపోయాడు. డాక్టరు కలం మూత తీశాడు.

"మీరెన్నాళ్ల నుంచి కాలుస్తున్నారు?"

మామ మొహం పలకలా నల్లబడింది. నా వైపు ఒక చూపు చూసి, కుర్చీలోంచి లేచాడు.

"ఏంది సారూ, అల్లుడి ముందర అడిగే మాటేనా అది?"

నేను మర్యాదగా బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి "రేపు ఖాళీ కడుపుతో రండి" అన్న మాట వినపడింది.

ఆ బెంచీ సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో డాక్టరుకు అబద్ధం చెప్పను. కాకపోతే, ముందు మామను బయటికి పంపించి.